కీలెరిగి చాకు కొనాల: లండన్ వెళ్లిన ఉక్కు నుంచి మన జేబులో సీల దాకా



తొలకరి పడింది. మన ఉత్తరాంధ్రలో జీడి, మామిడి అంట్లు కట్టే రోజులు. ఇప్పుడు తోటకి పోయే ప్రతి మనిషి జేబులోనో మొలలోనో ఒక మడత చాకు ఉంటాది. సంతలో, విశాఖ పూర్ణా మార్కెట్లో, బస్టాండు పక్కన బడ్డీల్లో రకరకాలవి అమ్ముతున్నారు. కొనేవాడు ఏం చూస్తాడు? బ్లేడు మెరుపు చూస్తాడు. బొటనవేలు ఆనించి పదును చూస్తాడు. పిడి రంగు చూస్తాడు. బేరమాడి జేబులో వేసుకుని పోతాడు. బ్లేడూ పిడీ కలిసే చోట ఉన్న ఆ చిన్న సీలను మాత్రం చూడడు.

మడత చాకు చచ్చేది అక్కడే. పదును పోతే సాన పట్టుకుంటాం. పిడి పగిలితే తాడు చుట్టుకుంటాం. కీలు సడలిపోతే మాత్రం చాకు పెంట కుప్పలోకే. పెంట కుప్పలోకి పోతే పోయింది, చేతిలో ఉండగా సడలితే ఇంకా ముప్పు. మా పక్క ఊరి రైతు ఒకాయన కిందటేడు జీడి అంటు కడుతూ కొమ్మ చీలుస్తుంటే, చాకు వెనక్కి మడుచుకుపోయి చూపుడువేలు ఎముక దాకా తెగింది. ఆరు కుట్లు. ఆ సీజను మొత్తం ఆయన అంటు కట్టలేదు, కూలీ పెట్టుకున్నాడు. వంద రూపాయల చాకు ఆయనకి ఎంత ఖర్చు తెచ్చిందో లెక్క వేసుకోండి.

"కీలెరిగి వాత పెట్టు" అని పెద్దోళ్లు పశువుల గురించి అన్నారు. చాకుకి కూడా ఆ మాటే. అందుకే ఈ పోస్టులో ఆ కీలు కథ మొదటినుంచీ చెప్తాను. కాస్త పొడుగు పోస్టు, తీరిగ్గా చదవండి. చరిత్ర ఎందుకంటారా? ఈ సీల బాధలు మనకే కొత్తగా వచ్చినవి కావు. వేల ఏళ్లుగా కమ్మరులు దాంతో కుస్తీ పడుతూనే ఉన్నారు. వాళ్లు ఎక్కడ గెలిచారో తెలిస్తే అంగట్లో ఏది చూడాలో తెలుస్తాది.

యూరప్‌లో ఆస్ట్రియా దేశంలో హాల్‌స్టాట్ అనే ఉప్పు గనుల ఊరుంది. అక్కడ సుమారు 2500 ఏళ్ల కిందటి మడత చాకు దొరికింది. ఎముక పిడి, దాని గాడిలో ఇనుప బ్లేడు, రెండిటినీ కలుపుతూ ఒక సీల. ఈరోజు మన సంతలో అమ్మే చవక చాకు కూడా అదే. పిడి మధ్య గాడి, బ్లేడు తోకకి బెజ్జం, అడ్డంగా సీల, రెండు పక్కలా కొట్టి తల కట్టడం. ఆ తర్వాత రోమన్లు కంచుతో, ఎముకతో, దంతంతో అందమైన పిడులు చేశారు. మ్యూజియాల్లో చూస్తే చాలావాటికి పిడి మాత్రమే మిగిలి ఉంటాది, ఇనుప బ్లేడు తుప్పు తినేసి ఉంటాది. తుప్పు ముందు పట్టేది ఎక్కడ? తేమ నిలిచే చోట, అంటే కీలు గాడిలోనే. సముద్రం గాలి తగిలే మన భీమిలి, పూడిమడక, అచ్యుతాపురం వైపు రైతులకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

మన దగ్గర మడత కత్తి లేదా అంటే ఉంది. అది వ్యవసాయదారుడి చేతిలో కాదు, తాటాకుల మీద రాసేవాళ్ల చేతిలో ఉండేది. తాటాకు మీద రాయడానికి గంటం కావాలి, ఆకు అంచులు సమంగా కోయడానికి చిన్న కత్తి కావాలి. దక్షిణాదిలో ఈ రెండూ ఒకే పిడిలో మడిచిపెట్టేలా చేసినవి ఉన్నాయి. ఒక కొసన గంటం, ఇంకో కొసన కత్తి, లోపల సీలలు. పాత వస్తువులు దాచిన మ్యూజియాల్లో ఇప్పటికీ చూడొచ్చు. మన పొలాల లెక్కలు రాసే చేతికి మడత కత్తి కావలసి వచ్చింది, పొలం దున్నే చేతికి కొడవలి, కత్తి చాలాయి. కొడవలికి కీలు లేదు, అందుకే అది తాత చేతినుంచి మనవడి చేతికి వస్తాది. ఎక్కడైతే కదిలే కీలు పెట్టామో అక్కడ ఆయుష్షు తగ్గుతాది, ఇది యంత్రాలన్నిటికీ వర్తించే మాట. మోటారు పంపు చూడండి, ముందు పోయేది బుష్షే.

ఇప్పుడు బ్లేడు సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఇందులో మనవాళ్ల గొప్ప ఉంది, నేను వదలను.

ఉక్కు అన్న మాట మనదీ, కన్నడిగులదీ. ఆ మాటే ఇంగ్లీషువాళ్ల నోట్లో పడి "వూట్జ్" అయింది. మట్టి మూసలో ఇనుము ముక్కలూ, ఆకూ, కర్రా పెట్టి, మూతి మూసి, కొలిమిలో గంటలకొద్దీ కాలిస్తే చిన్న గుండ్రటి ముద్దలా ఉక్కు వచ్చేది. తెలంగాణలో నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఈ పనికి పేరుమోసిన ఊరు. 1820 ప్రాంతంలో హెన్రీ వోయ్‌సీ అనే ఇంగ్లీషు డాక్టరు ఆ కొలుములు చూసి, పని తీరు వివరంగా రాశాడు. పర్షియా దేశపు ఇస్ఫహాన్ నుంచి వర్తకులు ఆ పల్లెకి వచ్చి, దగ్గరుండి తూకం వేయించుకుని ఉక్కు పట్టుకుపోయేవారట. డమాస్కస్ కత్తులని ప్రపంచం చెప్పుకున్న కత్తుల్లో మన కమ్మరుల కొలిమి పొగ ఉంది.

అంతకుముందే, 1794 ప్రాంతంలో, బొంబాయిలో ఉన్న డాక్టర్ హెలెనస్ స్కాట్ ఈ ఉక్కు ముద్దలు కొన్ని లండన్‌లోని రాయల్ సొసైటీకి పంపాడు. అక్కడ జార్జ్ పియర్సన్ అనే ఆయన దాన్ని పరీక్ష చేసి 1795లో పెద్ద వ్యాసం చదివాడు. ఆ పరీక్షలో ఒక పని జరిగింది. లండన్ స్ట్రాండ్ వీధిలో కత్తులు చేసే జేమ్స్ స్టోడార్ట్ చేతికి ఒక ముక్క ఇచ్చి, దాంతో ఏం చేయించారో తెలుసా? యుద్ధం కత్తి కాదు. కలం చెక్కుకునే చిన్న చాకు! బాతు ఈకతో రాసే రోజులవి, ఈక మొన చెక్కడానికి చిన్న చాకు కావాలి. ఆ చాకు వాళ్ల దగ్గరున్న మేలైన ఉక్కు చాకుతో సమానంగా తెగిందని తేలింది. తర్వాత స్టోడార్ట్ తన కొట్టు చీటీల మీదే వేయించుకున్నాడు, ఇండియా ఉక్కుతో చేస్తాను, యూరప్ ఉక్కు కంటే నాకిదే ఇష్టం అని. ఇదే స్టోడార్ట్ 1820 వచ్చేసరికి మైకేల్ ఫారడేతో కలిసి మన ఉక్కు గుట్టు తెలుసుకోవాలని ప్రయోగాలు చేశాడు. కరెంటు మోటారుకి ఆద్యుడని మనం చదువుకున్న ఫారడేయే. ఆయన తండ్రి కమ్మరి.

మన ఉక్కు వాళ్లకి ఎందుకంత నచ్చింది? అందులో కర్బనం ఎక్కువ, నూటికి ఒకటి నుంచి రెండు పాళ్ల మధ్య. కర్బనం సరిపడా ఉంటేనే బ్లేడు కాల్చి ముంచినప్పుడు గట్టిపడుతుంది, పదును నిలుస్తుంది. ఈ మాట గుర్తు పెట్టుకోండి, విశాఖ స్టీలు దగ్గరికి వచ్చినప్పుడు మళ్లీ కావాలి.

ఇంగ్లండులో చాకుల ఊరు షెఫీల్డు. 1624లోనే అక్కడి కత్తుల పనివాళ్లకి చట్టం ద్వారా సంఘం ఏర్పడింది. మొదట్లో వాళ్లు చేసిన చవక చాకు మన సంత చాకే, పిడి చీల్చి గాడి పెట్టి, బ్లేడు పెట్టి, సీల కొట్టడం. ఒక పెన్నీకి దొరికేది కాబట్టి పెన్నీ చాకు అన్నారు. దానికి స్ప్రింగు లేదు, తాళం లేదు. సీల బిగువే బ్లేడుని నిలబెట్టాలి. బిగువు ఎక్కువైతే తెరవలేం, తక్కువైతే వేలు తెగుతాది. 17వ శతాబ్దంలో పిడి వెనకాల ఉక్కు పట్టీ స్ప్రింగు పెట్టడం వచ్చింది. బ్లేడు తోక అంచుని ఆ పట్టీ నొక్కి పడుతుంది, తెరిచినప్పుడూ మూసినప్పుడూ 'టక్' మని నిలుస్తాది. ఇప్పటి స్విస్ చాకు దాకా నడుస్తున్నది అదే పద్ధతి. దీంతో బ్లేడుని నిలబెట్టే పని సీల మీదనుంచి స్ప్రింగు మీదకి మారింది. సీల ఇక ఇరుసు పని మాత్రం చేస్తే చాలు. బండి కట్టినవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతాది. ఇరుసు తిరగనివ్వాలి, కడసీల ఊడిపోకుండా ఆపాలి. రెండు పనులూ ఒకే ముక్కతో చేయిస్తే రెండూ చెడతాయి.

షెఫీల్డు చాకులు ఓడల మీద మన తీరానికి వచ్చాయి. ఓడ కళాసీకి మడత చాకు ప్రాణంతో సమానం. తాడు చిక్కుపడితే కోయాలి, మూట కట్టు విప్పాలి. వాళ్ల చాకు బ్లేడు మొన మొద్దుగా, గొర్రె గిట్టలా ఉండేది, ఓడ ఊగినప్పుడు ఎవరికీ గుచ్చుకోకుండా. పక్కన తాడు ముడులు విప్పే ములుకు ఒకటి. పిడికి రింగు పెట్టి మెడకో నడుముకో తాడుతో కట్టుకునేవారు. భీమునిపట్నం రేవునుంచి గోగునార కట్టలు ఓడలెక్కిన రోజుల్లోనూ, తర్వాత విశాఖ రేవులోనూ ఈ రకం చాకు మామూలు. విశాఖ రేవులోకి 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీ వారి జలదుర్గ ఓడ వచ్చింది, డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్‌డన్ రేవుని ప్రారంభించాడు. 1941లో రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసిన సింధియా షిప్‌యార్డు నుంచి 1948 మార్చి 14న జల ఉష ఓడ నీళ్లలోకి దిగింది, నెహ్రూ వచ్చారు. ఆ ఓడల పక్కల్లో రివిట్లు ఉండే కాలం అది. ఎర్రగా కాల్చిన రివిటు బెజ్జంలో పెట్టి, ఒకడు వెనక ఆనించి పట్టుకుంటే ఇంకొకడు తల కొట్టేవాడు. చల్లారితే రివిటు కుదించుకుని రేకుల్ని ఇంకా దగ్గరికి లాగేస్తుంది. చాకు సీల అదే పని చల్లగా ఉండగా, చిన్నగా.

ఇప్పుడు నాకు అన్నిటికంటే నచ్చిన కథ. ఫ్రాన్స్ దేశంలో సవాయ్ అనే కొండ ప్రాంతం. అక్కడ ఓ పల్లెలో ఒపినెల్ కుటుంబం కమ్మరి పని చేసేది, చుట్టుపక్కల రైతులకి కొడవళ్లు, గొడ్డళ్లు చేసిపెట్టేవారు. 1890లో ఆ ఇంటి కుర్రాడు జోసెఫ్, పద్దెనిమిదేళ్లవాడు, స్నేహితుల కోసం మడత చాకు చేశాడు. చెక్క పిడి, ఒక బ్లేడు. పెన్నీ చాకు లాంటిదే, ఒక్క తేడా. చెక్క పిడికి ఉత్తి బెజ్జం పెట్టి సీల కొడితే ఏమవుతాది? చెక్క మెత్తన, సీల గట్టిన. నాలుగు నెలలకి బెజ్జం కోడిగుడ్డు ఆకారం అయిపోతాది, బ్లేడు ఊగుతాది. ఒపినెల్ చాకులో పిడి మెడ చుట్టూ ఉక్కు కట్టు ఉంటుంది, మన పార పిడికి వేసే పొన్ను లాంటిది. సీల ఆ ఉక్కు కట్టులోంచి పోతుంది. అంటే బరువు పడేది చెక్క మీద కాదు, ఉక్కు మీద. పొన్ను లేని పారకీ ఉన్న పారకీ తేడా మనకి ఎవరూ చెప్పక్కర్లేదు కదా!

1897 నాటికి ఒకటి నుంచి పన్నెండు దాకా నంబర్లు వేసి సైజులు చేశారు. రైతులు, పనివాళ్లు ఎగబడి కొన్నారు. 1955లో మార్సెల్ ఒపినెల్ ఇంకో చిన్న మార్పు చేశాడు. ఆ కట్టు మీద తిరిగే ఇంకో రింగు పెట్టాడు. బ్లేడు తెరిచి రింగు తిప్పితే బ్లేడు వెనక్కి మడుచుకోదు. మొత్తం చాకులో ఐదే ముక్కలు: బ్లేడు, పిడి, సీల, కట్టు, రింగు. ఇప్పటికీ అదే. మా పక్క ఊరాయన వేలు తెగకుండా ఆపడానికి ఆ రింగు ఒక్కటీ చాలు.

అది మన వాతావరణానికి పూర్తిగా సరిపోతాదా అంటే, లేదు. వానాకాలం చెక్క ఉబ్బి బ్లేడు గాడిలో ఇరుక్కుపోతాది. కార్బన్ ఉక్కు రకం తీసుకుంటే సముద్రపు గాలికి రెండు రోజుల్లో మచ్చ పడుతుంది. దిగుమతి సరుకు కాబట్టి మన చేతికొచ్చేసరికి ధర కూడా రైతు ధర కాదు. కానీ పాఠం ఉచితం: సీల చుట్టూ లోహం ఉండాలి. ఇదే పాఠాన్ని ఇంకో దారిలో నేర్చినవాళ్లు ఉన్నారు. జపాన్‌లో మికి పట్టణపు హిగోనోకామి చాకు, ఫ్రాన్స్‌లోనే తియేర్ పట్టణపు డూక్‌డూక్ చాకు. ఈ రెండిటికీ చెక్క లేనే లేదు, ఒకే రేకు మడిచి పిడి చేసేస్తారు. చూడ్డానికి ముతక. సీల రెండు పక్కలా లోహంలోనే కూర్చుంటుంది. చవగ్గా ఉండి గట్టిగా ఉండాలంటే ఇంతకంటే తెలివైన పని నాకు కనిపించలేదు.

మనదేశంలో చాకు అనగానే రాంపురి పేరు చెప్తారు. ఉత్తరప్రదేశ్‌లో రాంపూర్ పనివాళ్ల చెయ్యి గొప్పదే, గానీ సినిమాల్లో రౌడీల చేతిలో పెట్టి దాని పేరు పాడు చేశారు. పొడుగు బ్లేడు మనకి తోటలో పనికిరాదు. మనకి కావలసింది మూడంగుళాలు.

విశాఖ ఉక్కు దగ్గరికి వద్దాం. 1966లో "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని రాష్ట్రమంతా లేచింది. అమృతరావు గారు నిరాహార దీక్ష చేశారు. కాల్పుల్లో 32 మంది పోయారు. 1970 ఏప్రిల్ 17న ఇందిరా గాంధీ పార్లమెంటులో ప్రకటన చేశారు, 1971 జనవరి 20న శంకుస్థాపన. ఇనుము కరిగేసరికి 1990 వచ్చింది. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు దేశానికి అంకితం చేశారు. గాజువాక పక్క ఊళ్ల రైతులు వేల ఎకరాలు ఇచ్చారు. ఆర్ కార్డులు పట్టుకుని తిరిగిన కుటుంబాలు మన చుట్టాల్లోనే ఉన్నాయి.

చాలామంది అనుకునేది ఏటంటే, "ఇంత పెద్ద ఉక్కు కర్మాగారం పక్కనే ఉంది, ఆ కమ్మీ ముక్కతో చాకు చేయించుకుంటే సరిపోదా" అని. సరిపోదు. ఇంటి స్లాబుకి వేసే కమ్మీలో కర్బనం నూటికి 0.30 పాళ్లు దాటకూడదని ప్రమాణం. కమ్మీ వంగాలి, విరగకూడదు, భూకంపం వచ్చినా ఇల్లు నిలవాలి. బ్లేడుకి కావలసింది దానికి రెట్టింపు పైనే. ఒపినెల్ కార్బన్ బ్లేడులో దాదాపు 0.9 పాళ్లు ఉంటుంది. కమ్మీ ముక్కని ఎంత ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచినా పదును నిలిచేంత గట్టితనం రాదు. అందుకే మన ఊరి కమ్మరి కమ్మీ ముట్టుకోడు, లారీ కమాను పట్టీ ముక్క తెమ్మంటాడు. చదువు లేకపోయినా ఆయనకి తెలుసు ఏ ఇనుము ఏ పనికో.

కానీ అదే మెత్తదనం సీలకి కావాలి! సీల తల కొట్టి పరచాలంటే మెత్తని ఇనుమే ఉండాలి, గట్టి ఉక్కు అయితే పగిలిపోతాది. విశాఖ ప్లాంటులో 5.5 మిల్లీమీటర్ల నుంచి వైరు రాడ్డు చుట్టలు చేస్తారు. అలాంటి వైరునే సన్నగా లాగి మేకులు, బోల్టులు, రివిట్లు చేస్తారు. అంటే రెండు వందల ఏళ్ల కిందట మన ఉక్కు లండన్‌లో చాకు బ్లేడు అయింది, ఇప్పటి మన విశాఖ ఉక్కు బ్లేడు కాదు గానీ సీల కాగలదు. నాకైతే ఇందులో తక్కువతనం ఏమీ కనపడదు. చాకుని కలిపి ఉంచేది సీలే కదా.

ఇక కొనేటప్పుడు సంగతి.

ముందు ఒక లెక్క. సీల నుంచి బ్లేడు కొస దాకా 8 సెంటీమీటర్లు అనుకోండి. సీల చుట్టూ బ్లేడు తోక పిడికి ఆనే చోటు వెడల్పు ఒక సెంటీమీటరు. కొమ్మ చీలుస్తూ కొసని పక్కకి ఒక కిలో బరువుతో తిప్పితే, కీలు దగ్గర ఎనిమిది కిలోల ఒత్తిడి పడుతుంది. గడపారతో బండ లేపినట్టే, కాకపోతే ఇక్కడ లేచేది మన చాకు కీలు. అదే ఆనే చోటు ఒకటిన్నర సెంటీమీటర్లు ఉంటే ఒత్తిడి ఐదు కిలోల చిల్లరకి దిగిపోతుంది. కాబట్టి సీల లావు ఒక్కటే చూస్తే లాభం లేదు. బ్లేడు తోక వెడల్పు, వాషరు వెడల్పు చూడాలి. సీల బెజ్జం తోక అంచుకి దగ్గరగా ఉన్న చాకు ఎంత మెరిసినా వదిలేయండి.

అంగట్లో చాకు తెరిచి, పిడి ఒక చేత్తో గట్టిగా పట్టి, బ్లేడు కొస రెండు వేళ్లతో పట్టుకుని పక్కలకి ఆడించండి. కొత్త చాకే ఆడితే అది ఆరు నెలలకి ఊడుతుంది. తర్వాత మూసి వెలుతురుకి పెట్టి చూడండి, బ్లేడు గాడికి నడిమధ్య ఉండాలి. ఒక పక్కకి ఒరిగిందంటే సీల వంకరగా కొట్టారు. సీల తల చూడండి. నిండుగా ఉందా, మధ్యలో గుంట ఉందా? గుంట ఉంటే అది గొట్టం రివిటు, చెప్పులకీ బ్యాగులకీ వేసేది. చాకుకి పనికిరాదు. ప్లాస్టిక్ పిడి చాకులు కొంటే లోపల ఇనుప రేకులు ఉన్నాయో లేదో చూడండి, సీల నేరుగా ప్లాస్టిక్‌లోకి పోతే అది పాత పెన్నీ చాకు బాధే. స్ప్రింగు చాకైతే సగం తెరిచి వదిలి చూడండి. బ్లేడు వదులుగా ఊగుతూ వేలాడితే స్ప్రింగు చచ్చింది. తాళం ఉన్న చాకు అయితే, తాళం వేసి బ్లేడు వెన్నుని చెక్క మీద రెండు మూడుసార్లు మెల్లగా తట్టండి. వేళ్లు మాత్రం బ్లేడు మడిచే దారిలో పెట్టకండి. తాళం జారితే తిరిగి ఇచ్చేయండి. కొట్టువాడు కోప్పడితే కోప్పడనీ.

ఈమధ్య రివిటు బదులు మర సీలలు వస్తున్నాయి. బిగించుకోవచ్చు, విప్పి కడుక్కోవచ్చు, మంచిదే. వాటి తల మీద ఆరు కోణాల నక్షత్రం గాడి ఉంటుంది, దానికి వేరే చిన్న తాళంచెవి కావాలి. అది మన ఊళ్లో దొరక్కపోతే మర ఉండీ లేనట్టే. పైగా మర దానంతట అదే తిరిగి సడలుతుంది, పొలంలో ఊడి పడితే వెతకడం మీ తరం కాదు. సీల కడ్డీకి ఒక పక్క చదును చేసి, పిడి బెజ్జం కూడా అదే ఆకారంలో పెట్టినవి ఉంటాయి. అవి బ్లేడుతో పాటు తిరగవు కాబట్టి అంత తొందరగా సడలవు. కొంటే అలాంటిది కొనండి. బేరింగు గుళ్లు పెట్టినవి కూడా అమ్ముతున్నారు, వేలితో తోస్తే సర్రున తెరుచుకుంటాయి. కుర్రాళ్లకి ముచ్చట. దుమ్ము, ఇసుక, జీడి సొన దాంట్లోకి పోతే కరకరమంటాది. పంపు బేరింగులోకి మట్టి పోతే ఏమవుతాదో మనకి తెలుసు. తోట పనికి ఇత్తడి వాషరే మేలు.

మొత్తం మీద రైతుకి నా మాట: లోపల ఇనుప రేకులు, నిండు రివిటు, ఇత్తడి వాషరు, వెన్ను స్ప్రింగు, వీలైతే తాళం. విరగొట్టి తీయనవసరం లేని సాదా చాకు. నాలుగు పనిముట్లు ఇరికించిన చాకులో ప్రతి పనిముట్టూ ఆ సీల మీదే బతుకుతుంది, ఆ మాట మరిచిపోకండి.

చట్టం సంగతి కూడా. ఆయుధాల చట్టం కింద పాత 1962 నిబంధనల్లో 9 అంగుళాల పొడవు లేదా 2 అంగుళాల వెడల్పు దాటిన బ్లేడులని పట్టికలో పెట్టారు, ఇంటి పనికీ వ్యవసాయానికీ చేసినవాటిని మినహాయించారు. మూడంగుళాల అంటు చాకుతో తోటలో తిరిగితే తప్పు కాదు. కానీ స్టీల్ ప్లాంటు గేటు దగ్గరా, రేవు గేటు దగ్గరా, విమానాశ్రయంలో చేతి సంచీలోనూ దానితో పోకండి. సీఐఎస్‌ఎఫ్ వాళ్లు తీసేసుకుంటారు, అడిగినా ఇవ్వరు. ఊళ్లో గొడవ జరిగేచోట జేబులో చాకు ఉంటే అది వ్యవసాయ పనిముట్టని ఎవరూ నమ్మరు.

కొన్నాక చేసేది తక్కువే. జీడి సొన, మామిడి సొన కీలులో చేరితే గడ్డకట్టి సీలని పట్టేస్తాది. పని అయ్యాక గుడ్డ ముక్క డీజిల్లో ముంచి గాడి తుడిచి, ఆరాక ఒక చుక్క మిషను నూనె వేసి నాలుగుసార్లు తెరిచి మూయండి. కొబ్బరి నూనె, వంట నూనె వద్దు, కొన్నాళ్లకి జిగురవుతాయి. అంటు చాకుతో కొబ్బరికాయ పెచ్చు లేపడం, డబ్బా మూత తిప్పడం చేయకండి, పైన చెప్పిన లెక్క మళ్లీ చూడండి.

రివిటు సడలితే పారేయక్కర్లేదు. కమ్మరి దగ్గరికి తీసుకెళ్లి, బ్లేడుకీ పిడికీ మధ్య దళసరి కాగితం ముక్క దూర్చమనండి, దాగలి మీద పెట్టి సీల తలని చిన్న సుత్తితో చుట్టూ మెల్లగా తట్టమనండి. ఒకేచోట గట్టిగా కొడితే సీల లోపల ఉబ్బి బ్లేడు పట్టేస్తాది. కాగితం లాగేశాక ఆ మందమే ఆడేందుకు చోటు. బెజ్జమే కోడిగుడ్డు ఆకారం అయిపోతే సుత్తి పని చేయదు. అప్పుడు గాజువాక ఆటోనగర్‌లో ఏ చిన్న లేత్ కొట్టుకైనా వెళ్లండి. పాత సీల డ్రిల్లుతో తీసి, బెజ్జం గుండ్రంగా పెద్దది చేసి, పంపుకి వేసినట్టే గన్‌మెటల్ బుష్ చిన్నది తిప్పి వేస్తారు. బుష్ పొడవు బ్లేడు మందం కంటే కాగితం మందం అంత ఎక్కువ ఉండేలా చెప్పండి, అప్పుడు సీల ఎంత బిగించినా బ్లేడు స్వేచ్ఛగా తిరుగుతుంది. బ్లేడు తోక గట్టిపరిచిన ఉక్కు కాబట్టి మామూలు డ్రిల్లు దిగదు, కార్బైడు డ్రిల్లు ఉందో లేదో ముందే అడిగి ఇవ్వండి. కాల్చి మెత్తబరుస్తామంటే మాత్రం వద్దనండి, పదును పోతాది.